గుమ్మి బ్యాగు చుట్టిన రోజు

ఆ రోజుల్లో నాకు మనుషుల ముఖాలు చదవడం వచ్చేది కాదు గానీ, వాళ్ళ బ్యాగుల్ని మాత్రం గడగడా చదివేసేదాన్ని. (చదివేస్తున్నానని అనుకునేదాన్ని. ఆ తేడా నాకు తెలిసొచ్చేసరికి మా వాకిట్లో షామియానా కూడా వేసేశారు. ఆ సంగతి తర్వాత చెబుతాను.) శంషాబాద్‌కు ఎయిర్‌పోర్టు వచ్చి అప్పటికి మూడు నాలుగేళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలం చాలామందిమి అందులో ఏదో ఒక పనికి కుదిరాం. నాకు దొరికింది ప్రయాణికుల బ్యాగులకు ప్లాస్టిక్ చుట్టే కౌంటర్లో పని. గుండ్రటి పళ్ళెంలాంటి మిషన్ మీద బ్యాగు నిలబెట్టి మీట నొక్కితే అది మెల్లగా తిరిగేది. పక్కనున్న చుట్టలోంచి పలచటి ప్లాస్టిక్ పొర విడివడుతూ దానికి చుట్టుకునేది. సాయంత్రం పూట పెద్ద పెద్ద అద్దాల్లోంచి ఎండ పచ్చగా లోపలికొచ్చి నేలమీద పడుకునేది. ఆ వెలుతురులో బ్యాగు తిరుగుతూ ఉంటే దానితోపాటు నేనూ ఎక్కడెక్కడికో పోయేదాన్ని. పిడికి ఎర్ర గుడ్డపీలిక కట్టి ఉంటే అది తల్లి సర్దిన బ్యాగు. పాత బ్యాగుకు కొత్త తాళం వేసి ఉంటే మొదటిసారి దుబాయ్ పోతున్న మనిషి. జిప్పులో చీర కొంగు ఇరుక్కుని బయటికి కనబడితే అలిగి పుట్టింటికి పోతున్న ఇల్లాలు. ఇలా ప్రతి బ్యాగుకూ ఒక జీవితం అల్లి, ప్లాస్టిక్ తెంపి, "నెక్స్ట్" అనేదాన్ని.

మా ఊరు పాల్మాకుల. బాపు టమాట, పాలకూర పండించేవాడు. అమ్మ ఇంటిపని, తోటపని, వాటితోపాటు ఊరందరి కోసం ప్రార్థన చేసేది. (ఇది కూడా పనే. మా వాడకట్టులో ఎవరి బర్రె తప్పిపోయినా ముందు మా అమ్మకే కబురొచ్చేది.) ఇక మా అన్న హాకీ ఆడేవాడు. ఆడేవాడంటే గోల్‌లో నిలబడేవాడు. వాడు గోల్‌కీపర్ అయిన వైనం కూడా గొప్పదేమీ కాదు. బడిలో ఆటగాళ్ళకన్నా ఒక కర్ర తక్కువుండేదట. కర్ర దొరకనివాడు పోయి గోల్‌లో నిలబడాలని పీటీ సారు తీర్పు చెప్పాడు. మా అన్నకు దేనికీ తోసుకుపోయే అలవాటు లేదు. అందుకని రోజూ కర్ర దొరక్కుండా పోయేది. అలా అలా వాడికి గోల్ మీదే ప్రేమ పుట్టింది. పాత బస్సు సీటు స్పాంజిని కాళ్ళకు తాళ్ళతో కట్టుకుని, తోట గట్టు మీద రెండు కట్టెలు పాతుకుని నిలబడేవాడు. నేను పాడైపోయిన టమాటలు ఏరి విసరాలి, వాడు కాలితో ఆపాలి. ఆ కాలంలో మా అన్న ప్యాంటు ఏదైనా సరే, మోకాలి కింద చారు పోసినట్టు ఉండేది.

అలాంటి అన్నకు నిజం జట్టు నుంచి పిలుపొచ్చింది. దేశంలో హాకీకి కూడా ఊరికో జట్టు పెట్టి, జీతాలిచ్చి, లైట్ల వెలుగులో లీగు ఆడించబోతున్న కాలమది. హైదరాబాద్ జట్టు శిక్షణ శిబిరం సికింద్రాబాద్‌లో పెట్టారు. అన్న బ్యాగు సర్దుకుని పోయాడు. (ఆ బ్యాగుకు ఎర్ర గుడ్డపీలిక ఎవరు కట్టారో వేరే చెప్పాలా?) శిబిరంలో గోల్‌కీపర్లు ఇద్దరు. ఒకడు మా అన్న. రెండోవాడు ఒడిశా కొండల్లోంచి వచ్చినవాడు, అప్పటికే పెద్ద పెద్ద మ్యాచులు ఆడినవాడు. అన్న ఫోనులో అతని ఫోటో చూపిస్తే అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఓ ప్రభువా! గుమ్మి లెక్కున్నడు కదరా! గీయన నిలబడితే ఇగ బాలు పోనీకె సందేడుంటది?"

గుమ్మి అంటే వడ్లు పోసుకునే పెద్ద వెదురు బుట్ట. గోడ మూలన పెడితే ఇక ఆ మూల కనబడదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో అతని పేరు గుమ్మి. అసలు పేరు అన్న చెప్పాడు గానీ ఎవరమూ గుర్తు పెట్టుకోలేదు.

బాపుకు ఈ హాకీ అంటే మొదటి నుంచీ గిట్టదు. ఆదివారం సెలవు మీద అన్న ఇంటికొచ్చినప్పుడు పాలకూర కట్టలు కడుతూ, తల ఎత్తకుండానే తేల్చి చెప్పేశాడు.

"సూడు బిడ్డా, నీ వయసోళ్ళందరు కొలువుల్ల కుదిరిన్రు. గీ సీజన్ల నువ్వు గ్రౌండ్ల దిగి ఆడితివా, నేను మల్ల నోరెత్త. బెంచి మీదనే కూసుంటివా, ఇగ బందు వెట్టాలె. ఎయిర్‌పోర్టుల సామాన్లెత్తే కొలువు మాట్లాడి పెట్టిన."

"సరే బాపు," అన్నాడు అన్న. వాడు దేనికీ తోసుకుపోడని ముందే చెప్పాను కదా. కానీ ఆ సాయంత్రం తోట గట్టు మీద, "జర గట్టిగ ఇసురు చెల్లే," అని ఊరికే అడుగుతూనే ఉన్నాడు. చీకటి పడి టమాట కనబడకుండా పోయేదాకా విసిరాను. నా చెయ్యి లాగింది. నాకు వాడి మీద ఎంత జాలేసిందో చెప్పలేను.

శిబిరం అయిపోగానే కోచ్ సారు జట్టును ప్రకటిస్తాడు. ఈలోపు మేం చేయగలిగిందల్లా, ఆ పదకొండు మంది ఎవరెవరని ఊహించడమే. ఆ ఊహల్లోనే మా ఎండాకాలం గడిచిపోయింది. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి అమ్మ వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, బొగ్గుతో మైదానం గీసి ఉంచేది. చింతగింజలు ఆటగాళ్ళు. గోల్‌కీపర్ మాత్రం గచ్చకాయ. అమ్మకు హాకీ గురించి తెలిసింది తక్కువ, అభిప్రాయాలు ఎక్కువ. పేపర్లో పడిన ఫోటోలు చూసి ఒక్కొక్కరినీ తూచేది. "గీ పిలగాడు వద్దే, వాని జుట్టు సూడు. గిసొంటోడు టైముకు లేస్తడా? గీయనను ముందట పెట్టు, ముకంల తల్లి మీద ప్రేమ కనవడుతుంది." ఇలా మంచి కుర్రాళ్ళందరూ ముందుకు, జుట్టు పెంచినవాళ్ళందరూ బెంచీ మీదకు పోయేవాళ్ళు. బాపు మాకు వీపు తిప్పి కూర్చుని, మేమెవరమో తెలియనట్టు కట్టలు కట్టుకునేవాడు. కాసేపటికి ఆ వీపు వైపు నుంచే మాట వచ్చేది: "ఎడమ దిక్కు ఎవ్వలు లేరు. గట్లనే ఇడిసిపెడితే గా పక్కనుంచి గోల్ల మీద గోల్లు కొడ్తరు." అమ్మ నా వైపు చూసి కన్ను కొట్టి, ఒక చింతగింజను ఎడమకు జరిపేది. పైనుంచి విమానాలు దిగుతూ ఉండేవి. వాటి లైట్లు మా వాకిలి మీదుగా జరిగిపోతుంటే ఆ చింతగింజలు నిజంగానే పరుగెత్తుతున్నట్టు అనిపించేది నాకు. ఎన్ని మార్చినా చివర్లో గచ్చకాయను చేతిలోకి తీసుకుని, ముద్దు పెట్టుకుని, గోల్‌లో పెట్టేది అమ్మే. ఆ గచ్చకాయ మా అన్న. గుమ్మికి మా మైదానంలో చోటే లేదు.

శుక్రవారం ఇంటింటి ప్రార్థనల్లో కూడా ఇదే గొడవ. మా అయ్యగారు కోస్తా వైపు నుంచి వచ్చి మా ఊళ్ళో స్థిరపడిన పాస్టరు, పుస్తకంలోంచి చదివినట్టే మాట్లాడేవారు. ఆయన ప్రార్థనకు ఒకటే అడ్డం, విమానాలు. నెత్తిమీద విమానం వస్తే ఏం చెప్పినా ఎవరికీ వినబడదు. అందుకని చేతులు పైకెత్తి, కళ్ళు మూసుకుని, మాట మధ్యలోనే ఆగిపోయేవారు. అది దూరం పోయాక ఆపిన చోటు నుంచే మళ్ళీ ఎత్తుకునేవారు. మాకందరికీ అలవాటైపోయింది. అమ్మ ప్రతివారం ఒకే మనవి చెప్పేది: "మా పిలగాడు గోల్ల నిలబడాలె అయ్యగారు. గా గుమ్మికి దేవుడు ఇంకేడన్న మంచి కొలువు సూపియ్యాలె." ఇతరుల చెడు కోరడం తప్పు గనుక, మంచి కొలువు చూపించి పంపెయ్యమనేది. అయ్యగారు ఇదంతా శ్రద్ధగా విని, గుమ్మి అన్నది అతని అసలు పేరే అనుకుని, ఆ పేరుతోనే ప్రార్థించేవారు.

సరిగ్గా జట్టు ప్రకటనకు ముందు వారంలో, ఒక మధ్యాహ్నం, నా కౌంటర్ ముందుకు ఒక నీడ వచ్చి నిలబడింది. తలెత్తి చూద్దును కదా, గుమ్మి! ఫోటోలో కన్నా పెద్దగా ఉన్నాడు. అతని పక్కన అతనంత బ్యాగు. జిప్పు పట్టక అందులోంచి కాళ్ళ ప్యాడ్లు బయటికొచ్చి ఉన్నాయి. పిడికి హెల్మెట్ వేలాడుతోంది. కర్రలన్నీ కట్టగా కట్టి పైన బిగించి ఉన్నాయి. నేనెవరో అతనికి తెలియదు, అతనెవరో నాకు బాగా తెలుసు.

"ఎక్కడికి భయ్యా?" అని నాకొచ్చిన హిందీలో అడిగాను.

"ఘర్," అన్నాడు. పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

"ఇదంతా తీసుకుపోతున్నారా?"

"సబ్ కుఛ్," అన్నాడు, బ్యాగును ప్రేమగా తట్టి.

ఇంకేం కావాలి? ఇంకో ప్రశ్న అడిగి ఉంటే ఈ జ్ఞాపకమే ఉండేది కాదు. కానీ బ్యాగు చదవడం వచ్చినదానికి మనిషిని అడిగే అవసరమేముంది? బ్యాగును ఇద్దరం కలిసి పళ్ళెం మీదకు ఎత్తాం. పళ్ళెం ఒకసారి మూలిగి ఆగిపోయింది. మిషన్ తిరగనంది గనుక నేనే తిరిగాను. ప్లాస్టిక్ చుట్ట చేతబట్టుకుని ఆ బ్యాగు చుట్టూ ప్రదక్షిణలు చేశాను. తిరుగుతున్నకొద్దీ నా సంతోషం పెరిగింది. పొర మీద పొర పడుతుంటే ప్యాడ్లు మసకబారాయి, హెల్మెట్ మసకబారింది. గోల్ ఖాళీ అయిపోతున్నట్టూ, అందులోకి మా అన్న నడిచి పోతున్నట్టూ కనబడింది. మామూలుగా చుట్టేదానికి రెండింతలు చుట్టాను. మళ్ళీ విప్పి వెనక్కి రాకూడదని కాబోలు. అతను పోతూ పోతూ నాకు రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. నేనూ పెట్టాను. మంచి కొలువే దొరికుంటుందిలే అనుకున్నాను.

ఇంటికొచ్చి వాకిట్లోంచే కేకేశాను. అమ్మ చేతిలో చీపురు పడిపోయింది.

"నిజమేనా బిడ్డా? నీ కండ్లార సూసినవా?"

"చేతులార చుట్టిన్నే అమ్మా! ప్యాడ్లు, హెల్మెట్, కట్టెలు, అన్ని వట్టుకపోయిండు. వచ్చేటోడైతే ప్యాడ్లెందుకు వట్టుకపోతడు?"

బాపు కూడా కట్టలు ఆపి ఒకసారి ఇటు తిరిగాడు. తిరిగినంతసేపు పట్టలేదు, మళ్ళీ అటు తిరిగిపోయాడు. అన్నకు ఫోను చేస్తానంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ముందుగాల దేవునికి చెప్పాలె, ఎనుక వానికి. ఆదివారం సెలవు మీద వస్తడు గద, అప్పుడే వాని ముంగట స్తోత్రం చేద్దాం." మాలో ఏదైనా మేలు జరిగితే అయిన వాళ్ళను పిలిచి, కృతజ్ఞత చెప్పుకుని, అన్నం పెట్టడం ఆనవాయితీ. దాన్నే స్తోత్ర కూడిక అంటాం. మేలు జరిగాక పెట్టుకుంటారు ఎవరైనా. మా అమ్మ జట్టు ప్రకటించకముందే పెట్టింది.

"ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టుంది మీ యవ్వారం," అన్నాడు బాపు. "గా కోచ్ సారు నోటెంట రానీయే ముందు."

"సూసినంక నమ్ముడు ఎవలైనా నమ్ముతరు," అంది అమ్మ. "సూడకముందే నమ్మాలె. విశ్వాసమంటే గదే. అయినా మన పిలగానికి సోమలింగమని పేరు ఎట్ల పెడ్తమయ్యా?"

ఆదివారం మధ్యాహ్నం మా వాకిట్లో షామియానా లేచింది. చాపలు పరిచారు. వెనక పొయ్యి మీద బగార అన్నం, మటన్ ఉడుకుతున్నాయి. మా వాడకట్టంతా వచ్చి కూర్చుంది. అన్న ఇంకా రాలేదు. ఫోను చేస్తే, "వస్తున్ననే, ఎయిర్‌పోర్టు కాడ ఉన్న, జర పని ఉండె," అన్నాడు. ఎయిర్‌పోర్టులో పనేమిటో నేను అడగలేదు. (అడగకపోవడం నాకప్పటికి బాగా అలవాటైపోయింది.) మటన్ ఆగదు గనుక అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరం కళ్ళు మూసుకున్నాం.

"కృపగల ప్రభువా, ఈ కుటుంబమునకు నీవు చేసిన మేలు కొరకై స్తోత్రములు. నీ బిడ్డ నిలువవలసిన స్థలములో నిలిచియున్న గుమ్మి అను సహోదరుని నీవే లేపి, అతని సామానంతటితో సహా..."

విమానం వచ్చింది. అయ్యగారు చేతులు పైకెత్తి ఆగిపోయారు. షామియానా అదురుతోంది. నేను ఊరికే ఒక కన్ను తెరిచాను. గేటు దగ్గర అన్న నిలబడి చెప్పులు విప్పుతున్నాడు. అన్న వెనక ఇంకో మనిషి వంగి బూట్లు విప్పుతున్నాడు. ఆ మనిషి లేచి నిలబడేసరికి మా గేటు కనబడకుండా పోయింది. గుమ్మి! చేతిలో చిన్న సంచి ఒక్కటే ఉంది. ఇద్దరూ చప్పుడు కాకుండా వచ్చి చివరి చాప మీద మోకాళ్ళూనారు. గుమ్మి భక్తిగా కళ్ళు మూసుకుని తల వంచాడు. నేను అయ్యగారి కోటు కొస లాగాలని చెయ్యి చాపాను గానీ అందలేదు. విమానం దూరం పోయింది. అయ్యగారు ఆపిన చోటు నుంచే ఎత్తుకున్నారు.

"...అతని సామానంతటితో సహా దూర ప్రాంతమునకు పంపినందుకై స్తోత్రములు. ఆ గుమ్మి మరల ఇటు తిరిగి రాకుండునట్లు, అక్కడనే అతనిని స్థిరపరచుము తండ్రీ!"

"ఆమెన్!" అని వెనక నుంచి వచ్చిన గొంతుకు పొయ్యి దగ్గర గిన్నె మీది మూత కదిలింది. అంత మనస్ఫూర్తిగా ఆమెన్ అన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. అందరం కళ్ళు తెరిచాం. అమ్మ వెనక్కి తిరిగి చూసింది. చూసి, మళ్ళీ కళ్ళు గట్టిగా మూసుకుంది, తెరిస్తే అక్కడ ఎవరూ ఉండరేమోనన్న ఆశతో. తెరిచింది. ఉన్నాడు. నవ్వుతున్నాడు. అతనికి తెలుగు ఒక్క ముక్క రాదని అప్పుడు గుర్తొచ్చి నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ పక్కనున్న అన్నకు వస్తుందిగా! వాడు అమ్మను చూసి, అయ్యగారిని చూసి, చివరికి నన్ను చూశాడు. నేను మటన్ గిన్నె వెనక్కి జరిగాను.

అన్న హిందీలో ఏదో అడిగితే గుమ్మి చేతులు తిప్పుతూ చెప్పుకొచ్చాడు. చెల్లెలి పెళ్ళికి పోయొచ్చాడట. జట్టు వాళ్ళు కొత్త ప్యాడ్లు ఇచ్చారు గనుక, తన పాతవన్నీ మూటగట్టి ఊళ్ళో హాకీ ఆడే పిల్లలకు ఇచ్చొచ్చాడట. విమానం దిగేసరికి అన్న ఎదురొచ్చి, "మా ఇంట్లో ప్రార్థన ఉంది, అన్నం తిని పోదాం," అని వెంటబెట్టుకొచ్చాడట. ఇంతలో అతని చూపు నా మీద పడింది. "అరే, బ్యాగ్‌వాలీ!" అని లేచి నిలబడి, నేను బ్యాగు చుట్టూ ఎలా తిరిగానో తిరిగి చూపించాడు. ఆ ప్లాస్టిక్ విప్పడానికి వాళ్ళ ఊరు ఊరంతా కూర్చోవాల్సొచ్చిందట. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, ఏడవలేక.

కొత్తగా వచ్చిన వాళ్ళను వాళ్ళ ప్రార్థన మనవి ఏమిటని అడగడం మా పద్ధతి. అయ్యగారికి ఇంకా ఏమీ అర్థం కాలేదు గనుక, ఆ సహోదరుణ్ణీ ప్రేమగా అడిగారు. గుమ్మి చేతులు కట్టుకుని హిందీలో చెప్పాడు. అన్న తెలుగులో చెప్పాలి.

"నేను శానేండ్లు బెంచి మీద కూసున్ననని అంటున్నడు," అన్నాడు అన్న. "అందరు ఆడుతుంటే ప్యాడ్లు కట్టుకోని కూసునుడు ఎట్లుంటదో నాకు తెలుసంటున్నడు. నా..." అని ఆగాడు. గుమ్మి వాడి భుజం తట్టి మళ్ళీ చెప్పాడు. అన్న ఆపిన చోటు నుంచే ఎత్తుకున్నాడు. "నా తమ్ముని గురించి ప్రార్థన చెయ్యున్రి, గీ సీజన్ల వానికి ఆడే దినం రావాలె, నేను రోజు గదే అడుగుతున్న అంటున్నడు."

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ముందుగా లేచింది బాపు. "ముందుగాల గా పిలగానికి అన్నం పెట్టున్రి," అని ఆయనే విస్తరి వేశాడు. ఆ రోజు మా అమ్మ గుమ్మికి వడ్డించిన మటన్ గురించి మా వాడకట్టు వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రాయశ్చిత్తమంతా ముక్కల రూపంలో విస్తట్లో పడింది. తిన్నాక అతను, ప్రార్థనలో గుమ్మి గుమ్మి అని వినబడింది, ఏమిటది అని అడిగాడట. వడ్లు నింపుకునే బుట్ట, అది నిండితే ఇల్లు నిండినట్టు అని అన్న చెప్పాడు. అతనికి ఆ మాట ఎంతో నచ్చింది. తర్వాత ఫోను చేసినప్పుడల్లా, "అమ్మా, మై గుమ్మి," అనేవాడు. ఆ సాయంత్రం అమ్మ వాకిట్లో మైదానం గీసి, గోల్‌లో రెండు గచ్చకాయలు పెట్టింది. "పన్నెండు మందైతరే," అన్నాడు బాపు. "అయితే కానీ," అంది అమ్మ.

జట్టు ప్రకటించారు. చింతగింజల్లో అమ్మ బెంచీ మీదకు పంపిన జులపాల వాళ్ళందరూ ముందు వరసలో ఉన్నారు. గోల్‌లో గుమ్మి. అన్న బెంచీ మీద. సీజనంతా అలాగే గడిచింది. టీవీలో మ్యాచు వస్తే మేం ఆట చూడలేదు, బెంచీ కనబడినప్పుడల్లా అన్న కనబడతాడేమోనని చూశాం. బాపు కొలువు సంగతి ఎత్తేవాడు కాదు. ఆయన ఎత్తకపోవడమే మాకు ఎక్కువ భయంగా ఉండేది.

హైదరాబాద్‌లో ఆఖరి మ్యాచుకు అందరం పోయాం. తోటలో పనేమీ లేదు గనుక వస్తున్నానన్నాడు బాపు. (తోటలో పని లేని రోజును నేను ఆ ఒక్కరోజే చూశాను.) లైట్ల కింద ఆ నీలం మైదానం తడితడిగా మెరుస్తుంటే, కలలో నీళ్ళ మీద మనుషులు పరుగెత్తుతున్నట్టుంది. ఆట ఇక అయిపోవస్తోంది. మనవాళ్ళు ఒక గోల్ ముందున్నారు. ఉన్నట్టుండి గుమ్మి మోకాలు పట్టుకుని వంగాడు. చెయ్యి ఊపాడు. కుంటుకుంటూ బయటికి నడిచాడు. కోచ్ సారు వెనక్కి తిరిగాడు. మా అన్న హెల్మెట్ పెట్టుకుని లేచి నిలబడ్డాడు.

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ప్రభువా," అని కళ్ళు మూసుకుంది.

అవతలి జట్టు వాడు ఒకడు బంతితో ఒంటరిగా దూసుకొచ్చాడు. ఎడమ దిక్కు ఎవరూ లేరు. (బాపు ఎండాకాలమంతా మొత్తుకున్న ఎడమ దిక్కే.) వాడు కొట్టాడు. మా అన్న కుడికి ఒరిగినట్టే ఒరిగి, ఎడమ కాలు చాచాడు. ఎన్ని వందల టమాటలకు చాచిన కాలో అది నాకు తెలుసు. టప్పుమని శబ్దం. బంతి పక్కకు ఎగిరిపోయింది. గ్రౌండంతా లేచింది. బాపు నాకన్నా ముందు లేచి, తలగుడ్డ విప్పి గాలిలో ఊపుతూ ఏదేదో అరుస్తున్నాడు. అక్కడ బెంచీ దగ్గర, కుంటుకుంటూ వచ్చిన గుమ్మి రెండు కాళ్ళ మీదా ఎగిరెగిరి చప్పట్లు కొడుతున్నాడు.

ఈల వేశాక అమ్మ కళ్ళు తెరిచింది. "ఏమైందే?" అని అడిగింది.

దారంతా ఏడ్చింది. కళ్ళు తెరిస్తే ప్రార్థన తెగిపోతుందని భయపడిందట. కొడుకు ఆడిన ఆ కాసేపూ తను చూడలేదు. బాపు మాత్రం బస్సులోంచే అన్నకు ఫోను చేసి చెప్పేశాడు: "వచ్చే సీజన్ గూడ ఆడు బిడ్డా. కొలువు ఏడికి పోతది?"

వచ్చే సీజన్ రాలేదు. ఎందుకో ఆ లీగు మళ్ళీ జరగలేదు, జట్టు చెదిరిపోయింది. మేం మాత్రం ఆ ఎండాకాలమంతా చింతగింజలతో జట్టును కూర్చుతూనే ఉన్నాం. ఈసారి బాపు ఇటు తిరిగి కూర్చుని మరీ కూర్చాడు. వానలు పడ్డాక అన్నే వచ్చి, "బాపు, గా కొలువు మాట్లాడిన్నంటివి గద," అన్నాడు. బాపు లేచి తోటలోకి పోయాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్ళు నేను చుట్టిన బ్యాగుల్ని అవతల మా అన్న విమానానికి ఎత్తేవాడు. ఎవరి జీవితం ఏమిటో ఊహించడం ఆ రోజుల్లోనే మెల్లగా మానేశాను.

ఇప్పుడు ఎవరి పెద్ద బ్యాగైనా కనబడితే, "ఏముంది భయ్యా ఇందులో?" అని అడిగేస్తాను. అప్పటి ఆ తెలివైన పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. అడక్కుండానే అన్నీ తెలిసిన ఆ కాలం కాస్త బాగుండేదనీ అనిపిస్తుంది. గుమ్మి ఇప్పటికీ ప్రతి క్రిస్మస్‌కు ఫోను చేస్తాడు. మోకాలు ఎలా ఉందని అమ్మ అడిగితే, ఏ మోకాలు అంటాడు. ఫోను పెట్టేశాక అమ్మ బాపు వైపు తిరుగుతుంది. "జర మల్ల చెప్పరాదు, పిలగాడు ఎట్ల ఆపిండో," అని కళ్ళు మూసుకుని వినడానికి సిద్ధమవుతుంది.

"కండ్లు మూసుకుంటే ఏం కనవడ్తదే? తెర్వు," అంటాడు బాపు. పంచె ఎగగట్టి, నొప్పుల మోకాళ్ళతో వెళ్ళి గుమ్మంలో అడ్డంగా నిలబడతాడు. నేను బుట్టలోంచి మెత్తటి టమాట ఒకటి ఏరుకుంటాను. "జర గట్టిగ ఇసురు బిడ్డా," అంటాడు. నేను విసురుతాను. బాపు కుడికి ఒరిగినట్టే ఒరిగి, ఎడమ కాలు చాస్తాడు. అమ్మ కళ్ళు పెద్దవి చేసుకుని, రెప్ప వేయకుండా చూస్తుంది.